అణ్వాయుధాల నడుమ పొరుగుతనం

(నెల్లూరు పురమందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఉగ్రవాదం, అణ్వాయుధాలు, దౌత్యం అనే మూడు విషయాలను కలిపి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇవి ఢిల్లీ పెద్దలకు సంబంధించిన సంగతులు, సింహపురిలో వీటితో మనకేం పని అని ఎవరైనా అనవచ్చు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గరి బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు కాల్చి చంపిన 26 మందిలో మన జిల్లా మనిషి కూడా ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగిన 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, కోచింగ్ కోసం పిల్లలను అక్కడి హాస్టళ్లలో ఉంచిన నెల్లూరు, ఒంగోలు తల్లిదండ్రులు ఎంత యాతన పడ్డారో ఈ సభలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. గిద్దలూరు, కంభం వైపు పల్లెల నుంచి సైన్యంలో చేరినవారు ఎందరో ఉన్నారు. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆ ఇళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు. కనుక ఇది మన విషయమే.

నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటి. ఉగ్రవాదాన్ని శిక్షించడం, ఆ ఉగ్రవాదానికి ఆశ్రయమిచ్చే పొరుగు రాజ్యంతో సంప్రదింపుల మార్గాన్ని తెరిచి ఉంచడం అనేవి ఒకదానికొకటి విరుద్ధమైన పనులన్న అభిప్రాయం మన ప్రజాభిప్రాయంలో బలంగా నాటుకుపోయింది. రెండు దేశాల చేతిలోనూ అణ్వాయుధాలు ఉన్నచోట ఆ రెండు పనులనూ ఒకే ప్రభుత్వం ఒకే కాలంలో చేయవలసి ఉంటుందని, ఆ రెండవ పని పొరుగువారికి మనం చేసే మేలు ఎంతమాత్రం కాదని, అది మన రక్షణ వ్యవస్థలో ఒక భాగమని నేను నమ్ముతున్నాను.

ముందుగా అణు నిరోధం అంటే ఏమిటో చూద్దాం. 1998 మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపాము. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్థాన్ బలూచిస్థాన్‌లో జరిపింది. నీవు నన్ను నాశనం చేయాలని పూనుకుంటే నేనూ నిన్ను నాశనం చేయగలను అనే భయం ఇరుపక్షాలలోనూ ఉన్నంతకాలం ఎవరూ ఆ పని మొదలుపెట్టరన్నదే నిరోధ సిద్ధాంతం సారాంశం. ఈ సిద్ధాంతం కొంతవరకు పనిచేసింది కూడా: 1998 తరువాత రెండు దేశాల మధ్య 1965, 1971ల నాటి వంటి పూర్తిస్థాయి యుద్ధం జరగలేదు. అయితే పెద్ద యుద్ధం రాదన్న ధీమా చిన్న యుద్ధానికి తలుపు తెరిచింది. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లి ఒప్పందం చేసుకున్నారు. ఆ వేసవి నాటికే కార్గిల్ శిఖరాల మీద పాకిస్థాన్ సైనికులు పాతుకుపోయి ఉన్నారు. ఆ యుద్ధంలో మన వైమానిక దళానికి నియంత్రణ రేఖ దాటవద్దని ప్రభుత్వం ఆదేశమిచ్చింది. మన భూభాగాన్ని మనం తిరిగి గెలుచుకునే యుద్ధంలో మన విమానాలకే గీత గీయవలసి వచ్చిందంటే, అణ్వాయుధం ప్రయోగించకుండానే ఎంత పనిచేస్తుందో అర్థం చేసుకోవచ్చు.

ఈ అసమానత రెండు దేశాల అణు విధానాల్లోనే ఉంది. మన భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం 2003 జనవరి 4న ప్రకటించిన విధానం ప్రకారం మనం అణ్వాయుధాన్ని మొదట ప్రయోగించము. మన నేల మీద గాని, ఎక్కడున్నా సరే మన సైన్యం మీద గాని అణుదాడి జరిగితే మాత్రం ప్రత్యర్థికి భరించరానంత నష్టం కలిగేలా ఎదురుదాడి చేస్తాము. పాకిస్థాన్ అటువంటి హామీ ఇవ్వలేదు. పైగా 2011లో సుమారు 60 కిలోమీటర్ల పరిధి గల నస్ర్ అనే చిన్న క్షిపణిని పరీక్షించి, మన ట్యాంకులు సరిహద్దు దాటి వస్తే యుద్ధభూమిలోనే అణ్వాయుధం వాడతామని సూచించింది. సాధారణ సైనికబలంలో తనకన్నా పెద్దదైన దేశాన్ని ఆపడానికి అది ఎంచుకున్న దారి అది. ఆ బెదిరింపు చాటున లష్కరే తోయిబా, జైషే మహమ్మద్ వంటి ఉగ్రవాద సంస్థలు దశాబ్దాలుగా బతికాయి. అణ్వాయుధం వాటికి గొడుగైంది. ఈ మాట చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. శాంతిని కోరే మనం కూడా ఈ వాస్తవాన్ని తక్కువచేసి మాట్లాడకూడదు.

మన జవాబులు కాలక్రమంలో మారుతూ వచ్చాయి. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగిన తరువాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో లక్షల మంది సైనికులను సరిహద్దుకు తరలించి, సుమారు పది నెలలు అక్కడ నిలిపి, యుద్ధం చేయకుండానే వెనక్కి రప్పించాము. ఆ మోహరింపు సాగుతుండగానే 2002 మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో సైనికుల కుటుంబాల మీద దాడి జరిగింది. 2008 నవంబరు 26న ముంబయిలో మొదలై 166 మందిని బలిగొన్న దాడి తరువాత సైనిక చర్యకు బదులు సాక్ష్యాల దారి పట్టాము. 2016లో కశ్మీర్‌లోని ఉరీ సైనిక స్థావరం మీద దాడి తరువాత నియంత్రణ రేఖ దాటి మెరుపుదాడులు, 2019లో పుల్వామాలో మన జవాన్ల మీద దాడి తరువాత పాకిస్థాన్‌లోని బాలాకోట్ మీద వైమానిక దాడి, 2025 మే 7న ఆపరేషన్ సిందూర్‌లో బహావల్‌పూర్, మురీద్కేలతో సహా తొమ్మిది చోట్ల దాడులు జరిపాము. ప్రతిసారీ మెట్టు పైకి వెళ్లింది.

ఈ క్రమం ఒక విషయాన్ని రుజువు చేసింది. అణు గొడుగు కింద కూడా పరిమిత సైనిక చర్యకు చోటు ఉంది. ఆ చోటు ఎంత విశాలమైనదో మాత్రం ఎవరికీ ముందుగా తెలియదు. అడుగు వేసిన తరువాతనే తెలుస్తుంది. 2019 ఫిబ్రవరి 27 ఉదయం రెండు దేశాల విమానాలు ఆకాశంలో తలపడుతున్న సమయంలో శ్రీనగర్ నుంచి బయలుదేరిన మన ఎంఐ-17 హెలికాప్టరును శత్రువుదిగా పొరబడి మన క్షిపణే కూల్చివేసింది. అందులోని ఆరుగురు వైమానిక దళ సిబ్బంది మరణించారు. సుశిక్షితులైన వారి చేతుల్లో, స్వపక్షం విషయంలోనే ఇటువంటి పొరపాటు జరిగినప్పుడు, ప్రత్యర్థి ఏం చేస్తున్నాడో తెలియని నిమిషాల్లో ఎంత పొరపాటుకు అవకాశం ఉందో ఆలోచించండి.

అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ఒక సముద్రమో, ఒక ధ్రువమో ఉండేది. ఖండాంతర క్షిపణి చేరడానికి అరగంట పట్టేది. మనకూ పాకిస్థాన్‌కూ మధ్య ఆ వ్యవధి లేదు. లాహోర్, అమృత్‌సర్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్నాయి. క్షిపణి గాలిలోకి లేచిన తరువాత ఆలోచించడానికి మిగిలేది కొద్ది నిమిషాలు. 1962 అక్టోబరులో క్యూబాలోని సోవియట్ క్షిపణుల మీద ఆ రెండు రాజ్యాల మధ్య తలెత్తిన సంక్షోభం పదమూడు రోజులు సాగింది. సందేశాలు చేరడంలో గంటల తరబడి ఆలస్యం జరిగి ప్రమాదం పెరిగిందని గ్రహించిన ఆ రెండు రాజ్యాలు మరుసటి సంవత్సరమే హాట్‌లైన్, అంటే నేరుగా సందేశాలు పంపుకునే తీగ, ఏర్పాటు చేసుకున్నాయి. పరస్పర ద్వేషం తగ్గినందువల్ల వారు ఆ పని చేయలేదు. ద్వేషం అలాగే ఉంది కాబట్టి చేశారు.

ఇక్కడ ముంబయి దాడుల నాటి ఒక ఘటనను కొంచెం వివరంగా చెప్పాలి. 2008 నవంబరు 28న, తాజ్ హోటల్‌లో ఇంకా కాల్పులు సాగుతున్న సమయంలో, పాకిస్థాన్ అధ్యక్షుడు జర్దారీకి ఒక ఫోను వచ్చింది. అవతలి మనిషి తాను భారత విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీనని చెప్పుకొని బెదిరింపు ధోరణిలో మాట్లాడాడు. ప్రణబ్ ఆ ఫోను చేయలేదు. కానీ ఆ కాల్ నిజమని నమ్మిన పాకిస్థాన్ తన వైమానిక దళాన్ని అప్రమత్తం చేసింది. మధ్యవర్తులు రంగంలోకి దిగి, ఫోను చేసింది ప్రణబ్ కాదని నిర్ధారణ అయ్యేదాకా ఆ ఉద్రిక్తత సాగింది. ఒక మోసగాడు, ఒక టెలిఫోను, రెండు అణు రాజ్యాలు. గుర్తింపు సరిచూసుకోగల అధికారిక మార్గాలను వాడే అలవాటు బలంగా ఉన్న రెండు దేశాల మధ్య ఇటువంటి కాల్ నిమిషాల్లో తేలిపోవాలి. కృత్రిమ మేధతో ఎవరి గొంతునైనా అనుకరించగలిగిన ఈ రోజుల్లో ఆ ఘటనను తలచుకుంటే నాకు అప్పటికంటే ఎక్కువ భయం కలుగుతోంది.

మరి మన దగ్గర ఉన్న మార్గాలు ఏమిటి? చాలామందికి తెలియనివి, పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు వరుసల వార్తగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. 1988 డిసెంబరు 31న, రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టోల కాలంలో, ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి సంవత్సరం జనవరి 1న ఇరు దేశాలూ తమ తమ అణు కేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఈ మార్పిడి కార్గిల్ జరిగిన సంవత్సరం తరువాత కూడా ఆగలేదు. పార్లమెంటు మీద దాడి జరిగి మూడు వారాలైనా నిండని 2002 జనవరి 1న కూడా ఆగలేదు. ముంబయి దాడులు జరిగిన నెల తరువాతా, పుల్వామా సంవత్సరం తరువాతా ఆగలేదు. 2025 జనవరి 1న వరుసగా 34వసారి జరిగింది. ఎవరి మీదా నమ్మకం లేకపోయినా ఈ జాబితాలు చేతులు మారుతున్నాయంటే, నమ్మకం లేనిచోట పనిచేయడానికే ఆ ఒప్పందాన్ని రాశారని అర్థం.

2008 మే నెలలో కుదిరిన మరో ఒప్పందం ప్రకారం జనవరి 1, జులై 1 తేదీల్లో ఒకరి జైళ్లలో ఉన్న మరొకరి పౌరుల, మత్స్యకారుల జాబితాలను మార్చుకుంటారు. ఇది తీరప్రాంతపు మనకు చాలా దగ్గరి సంగతి. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి పొరపాటున జలసరిహద్దు దాటి పాకిస్థాన్ అధికారులకు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో వాఘా గుండా తిరిగివచ్చారు. వారు జైలులో ఉన్న ఆ కాలంలోనే పుల్వామా, బాలాకోట్ జరిగాయి. మన హైకమిషనర్‌ను, అంటే మన రాయబారిని, పాకిస్థాన్ వెనక్కి పంపడమూ జరిగింది. అయినా ఆ మనుషుల పేర్లు ఒక కాగితం మీద ఉన్నాయి, వారిని కలిసి మాట్లాడే హక్కు మన రాయబార సిబ్బందికి ఉంది. ఇసకపల్లి, జువ్వలదిన్నె తీరాల నుంచి సముద్రం మీదికి వెళ్లే మన వారికి ఆ కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆపరేషన్ సిందూర్ ముగిసి రెండు నెలలు నిండకముందే, 2025 జులై 1న కూడా ఆ జాబితాలు మారాయి.

మూడవది, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల మధ్య ఉన్న హాట్‌లైన్. 2025 మే 10న కాల్పులు ఆగింది ఆ మార్గం ద్వారానే: మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్థాన్ డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోను చేయగా, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని వారిద్దరి మధ్య అవగాహన కుదిరిందని మన విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు. దీనిలో బయటి దేశాల పాత్ర ఎంత అన్నదాని మీద నడిచిన వాదోపవాదాలలోకి నేను వెళ్లను. నాలుగు రోజుల పాటు క్షిపణులు, డ్రోన్లు ఎగురుతుండగా కూడా ఆ తీగ తెగిపోకుండా ఉండడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది.

నాలుగవది ఉంది, కానీ దానిలో పెద్ద ఖాళీ ఉంది. బాలిస్టిక్ క్షిపణిని, అంటే పైకి లేచి వంపు దారిలో వచ్చి పడేదానిని, పరీక్షించే ముందు ఎదుటివారికి తెలియజేయాలని 2005 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణులు దాని పరిధిలోకి రావు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి ఒకటి ప్రమాదవశాత్తు లేచి, పాకిస్థాన్ పంజాబ్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ప్రాణనష్టం జరగలేదు. రెండు రోజుల తరువాత మన రక్షణ శాఖ అది ప్రమాదమని అంగీకరించి విచారం తెలిపింది. విచారణ జరిపి ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. బాధ్యత స్వీకరించిన తీరు గౌరవించదగినదే. కానీ హాట్‌లైన్ ఉండగా ఆ సమాచారం వెంటనే ఎందుకు చేరలేదని పాకిస్థాన్ అడిగిన ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకోవడానికి మనం జంకనక్కరలేదు. అదే క్షిపణి 2019 ఫిబ్రవరి చివరి వారంలోనో, 2025 మే మొదటి వారంలోనో లేచి ఉంటే దానిని ప్రమాదమని నమ్మేవారెవరు?

ఇక ఉగ్రవాదం వైపు వస్తాను. సంప్రదింపులను సమర్థించేవారు ఉగ్రవాదం విషయంలో మెతకగా ఉంటారన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. దానికి నా జవాబు ఇది. బాంబు వేయడం ఒక్కటే శిక్ష కాదు. ఉగ్రవాదానికి నిధులు అందకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్యల కార్యదళం, అంటే ఎఫ్‌ఏటీఎఫ్, 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు పాకిస్థాన్‌ను గ్రే లిస్టులో, అంటే లోపాలు సరిదిద్దుకోవలసిన దేశాల జాబితాలో, ఉంచింది. ఆ ఒత్తిడి సాగిన కాలంలోనే అక్కడి న్యాయస్థానం లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాద నిధుల కేసులో 2020లో శిక్ష వేసింది. జైషే మహమ్మద్ నాయకుడు మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి 2019 మే 1న ఉగ్రవాదుల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి అడ్డుకున్న చైనాను అక్కడిదాకా తెచ్చింది ఓపికతో కూడిన దౌత్యమే. ముంబయి కేసులో దాడి చేసినవారిలో ఒకడైన కసబ్ ప్రాణాలతో దొరకడం, అతణ్ణి బహిరంగ విచారణలో నిలబెట్టడం వల్లనే దాడి మూలాలు ప్రపంచం ముందు తిరుగులేకుండా రుజువయ్యాయి. ఉత్త లాఠీతో ఎదురు వెళ్లి తుపాకీ గొట్టాన్ని పట్టుకొని ప్రాణమిచ్చిన ముంబయి పోలీసు తుకారాం ఓంబ్లే త్యాగం వల్ల మనకు దక్కిన సాక్ష్యం అది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో కూడా ప్రత్యేక న్యాయస్థానం 2016లో ఐదుగురికి వేసిన మరణశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. ఇది నెమ్మదిగా నడిచే దారి, బాధిత కుటుంబాలకు ఆ జాప్యం నరకం. అయినా ఈ దారిలో మనం గెలిచినది ఎవరూ తిరిగి లాక్కోలేనిది.

సైనిక చర్య అవసరమైన సందర్భాలు ఉంటాయి. నాకు ఆందోళన కలిగించేది ఆ చర్య ముందే ప్రకటించిన నియమంగా మారిపోవడం. ఉగ్రదాడి జరిగితే దానిని యుద్ధ చర్యగానే పరిగణిస్తామని ఒకసారి చాటిన తరువాత, యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే శక్తి కొంత మన చేతి నుంచి జారి, ఎక్కడో తుపాకీ పట్టిన పాతికేళ్ల యువకుడి చేతిలోకి పోతుంది. రెండు దేశాలూ యుద్ధంలో దిగాలని కోరుకునేవాడికి అంతకంటే పెద్ద బహుమతి ఉండదు. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలుడు జరిగినప్పుడు ప్రభుత్వం దానిని ఉగ్రఘటన అని పేర్కొని, వెంటనే సరిహద్దు దాటకుండా దర్యాప్తు దారిలో వెళ్లింది. ఆ విచక్షణ సరైనదని నా అభిప్రాయం. ఏ దాడికి ఏ జవాబు అన్నది ఎన్నికైన ప్రభుత్వం ప్రతిసారీ సాక్ష్యం చూసి తేల్చుకోవలసిందే.

నీటి విషయం కూడా ప్రస్తావించాలి. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, ఆయూబ్ ఖాన్ సంతకాలు చేసిన సింధూ జలాల ఒప్పందం 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకొని నిలిచింది. పహల్గామ్ మరునాడు మన ప్రభుత్వం దానిని నిలుపుదలలో ఉంచింది. ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆగ్రహం నాకు అర్థమవుతుంది. అయితే 2025 ఆగస్టులో జమ్మూ మీదుగా పాకిస్థాన్‌లోకి పారే తావి నదికి వరద వస్తున్నప్పుడు మన ప్రభుత్వమే, ఒప్పందం మార్గంలో కాకపోయినా, మానవతా దృష్టితో హైకమిషన్ ద్వారా పాకిస్థాన్‌కు హెచ్చరిక పంపింది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు సోమశిల నుంచి ఎంత నీరు వదులుతున్నారన్న కబురు కోసం ఎదురుచూసిన మనకు, ఆ హెచ్చరిక పంపిన అధికారి ఎంత మంచి పని చేశారో తెలుసు. వరద కబురు రాజకీయాలకు లోబడకుండా ఉండాలంటే దానికి ఒక స్థిరమైన ఏర్పాటు కావాలి. అధికారుల మంచితనం మీద వదిలిపెట్టకూడదు.

శ్రీహరికోట మన పక్కనే ఉంది కాబట్టి ఒక మాట. ముంబయి దాడుల తరువాత నిఘా అవసరం దృష్ట్యా, మేఘాలు కమ్మినా, చీకటి పడినా నేలను చూడగల రాడార్ ఉపగ్రహం రీశాట్-2ను 2009 ఏప్రిల్ 20న అక్కడి నుంచి ప్రయోగించారు. అవతల ఏం కదులుతోందో స్పష్టంగా చూడగలిగిన దేశం ఊహకు లోబడి తొందరపడదు. నిఘా సామర్థ్యం పెరగడం శాంతికి కూడా పనికివస్తుంది.

చివరగా, ఏం చేయాలని అడిగితే నేను కోరేవి కొన్ని ఉన్నాయి. విస్తృత రాజకీయ చర్చలు ఇప్పుడే మొదలుపెట్టమని నేను అనను. దాడుల సూత్రధారుల మీద పాకిస్థాన్ నమ్మదగిన చర్య తీసుకునేదాకా ఆగడం న్యాయమే. ఆగకూడనివి వేరే ఉన్నాయి. 2005 నాటి ముందస్తు సమాచార ఒప్పందాన్ని క్రూయిజ్ క్షిపణులకు విస్తరించాలి. 2025 మే నెలలో రెండు పక్షాలూ పెద్ద ఎత్తున వాడిన డ్రోన్ల గురించి ఏ ఒప్పందమూ లేదు; సరిహద్దుకు ఎంత దూరంలో, ఏ ఎత్తులో అవి ఎగరవచ్చో రాసుకోవాలి. 1991లో సైనిక విమానాల విషయంలో సరిహద్దుకు దూరం పాటించాలని ఇటువంటి ఒప్పందం చేసుకున్న అనుభవం రెండు దేశాలకూ ఉంది. ప్రమాదం జరిగినప్పుడు నిర్ణీత నిమిషాలలో హాట్‌లైన్ మీద చెప్పి తీరాలన్న నిబంధన కావాలి. 2019 ఆగస్టు నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. ఒక్కో కార్యాలయంలో సిబ్బందిని 2025లో ముప్పై మందికి కుదించారు. ఆ కుర్చీలలో పూర్తిస్థాయి హైకమిషనర్లను తిరిగి కూర్చోబెట్టడానికి ఏ చర్చల ప్రారంభం కోసమూ వేచి ఉండనవసరం లేదు. ఒక హైకమిషనర్ నియామకం పాకిస్థాన్‌కు మనం ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. అక్కడి సైన్యం, ప్రభుత్వం, వీధి ఏమనుకుంటున్నాయో ప్రతి సాయంత్రం ఢిల్లీకి నివేదించగల అనుభవజ్ఞుడైన మన మనిషి ఇస్లామాబాద్‌లో ఉండడం. తదుపరి సంక్షోభం వచ్చే రోజుకు అతను అక్కడ ఉండాలి, ఆ రోజు వచ్చిన తరువాత పంపడానికి వీలుండదు.